దానయ్య చెప్పిన గుర్తులు

నేను రిటైరై రెండేళ్లయింది. మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఇక్కడ అండమాన్‌లో, గరాచర్మలోని మా ఇంటికి వస్తుంటారు. టీ తాగి, కబుర్లు చెప్పి, వెళ్లేముందు ఎవరో ఒకరు "మేడమ్, మీ అనుభవాలు రాయండి, మాకు పనికొస్తాయి" అంటారు. వాళ్లకు కావలసినవేమిటో నాకు తెలుసు. మంచి దరఖాస్తును ఎలా గుర్తుపట్టాలి, కమిటీ ముందు ఎలా మాట్లాడాలి, వర్షాకాలంలో పర్యటనలు ఎలా పెట్టుకోవాలి. వాటికి నేనక్కర్లేదు. ఆర్నెల్లు పనిచేస్తే అవే వస్తాయి. నేను రాయాల్సింది ఒక్కటే ఉంది. అది రాయడానికి ఇన్నాళ్లూ సిగ్గు అడ్డొచ్చింది. ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఆ తప్పు చేసేటప్పుడు అది తప్పులా కనిపించదు. పని త్వరగా తెమిలినట్టు కనిపిస్తుంది.

పని సంగతి

ముందు పనేమిటో చెప్పాలి. ఎక్కడో విదేశంలో ఉన్న ఒక నిధి, పగడపు దిబ్బల మీద స్థానికులు తామే నడిపే పరిశోధనకు గ్రాంట్లు ఇచ్చేది. బయటి నుంచి ఒక శాస్త్రవేత్త వచ్చి, పడవ అద్దెకు తీసుకుని, నాలుగు రోజులు నీళ్లలో మునిగి, వెళ్లిపోయి పేపరు రాసుకునే పద్ధతి మారాలన్నది దాని ఉద్దేశం. దిబ్బ పక్కన బతికే మనిషే ప్రశ్న వేయాలి, ఆ మనిషే జవాబు వెతకాలి, మేము వెనక నిలబడాలి. ఈ మాటను నేను మనస్ఫూర్తిగా నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను. విమానాశ్రయం పక్కనే, లంబాలైన్‌లో రెండు గదుల ఆఫీసు మాది. దరఖాస్తులు చదివి, ఊళ్లు తిరిగి, ఎవరికి ఇవ్వొచ్చో సిఫారసు చేయడం నా ఉద్యోగం.

దొంగ దరఖాస్తులు పట్టుకోవడంలో నాకు పేరుండేది. ఒకసారి మెయిన్‌లాండ్ నుంచి ఒక ప్రొఫెసర్ గారు చాలా చక్కటి దరఖాస్తు పంపారు. ప్రధాన పరిశోధకుడి పేరు దగ్గర ఇక్కడి కుర్రవాడెవరిదో పేరు, ఫోన్ నంబరు ఉన్నాయి. ఫోన్ చేసి, మీ పరిశోధన గురించి చెప్పమని అడిగాను. అతను చాలాసేపు ఆలోచించి, "మేడమ్‌జీ, మై తో సిర్ఫ్ హవా భర్తా హూఁ" అన్నాడు. నీళ్లలో మునిగేవాళ్ల సిలిండర్లలో గాలి నింపడం అతని పని. తను ప్రధాన పరిశోధకుడినన్న సంగతి ఆ రోజు దాకా అతనికి తెలియదు. ఈ కథ నేను ఎన్ని మీటింగుల్లో చెప్పి నవ్వించానో లెక్కలేదు. స్థానికుల పేరు వాడుకునేవాళ్లంటే నాకంత చులకన.

నాకు పని నేర్పింది మా మొదటి బాస్. మితభాషి, కోపిష్టి. ఆయన నాకు చెప్పింది ఒకటే. "వెళ్లిన ఊళ్లో అన్నం తినకుండా రావద్దు. తిన్న రోజు ఏమీ అడగొద్దు." మొదటి సగం నాకు బాగా ఒంటబట్టింది. ఏ ఊరు వెళ్లినా తినేదాన్ని, వాళ్లది ఏ జిల్లానో అడిగేదాన్ని, నాలుగు మాటల్లో చుట్టరికం కలిపేసేదాన్ని. రెండో సగం ఎందుకు చెప్పారో ఆయన ఉన్నన్నాళ్లూ అర్థం కాలేదు. తినగానే అడిగేదాన్ని. తిన్నాక ఎవరూ కాదనరని నాకు తెలుసు కాబట్టే అడిగేదాన్ని. ఆయన బదిలీ అయి వెళ్లాక అది తప్పని చెప్పేవాళ్లు కూడా లేకపోయారు.

దానయ్య ప్రశ్న

మధ్య అండమాన్‌లో రంగత్ దగ్గర తీరంలో మనవాళ్ల బస్తీ ఒకటుంది. శ్రీకాకుళం వైపు నుంచి తాతల కాలంలో వచ్చి చేపల వేట మీద బతుకుతున్న కుటుంబాలు. దానయ్య అక్కడివాడే. అప్పటికి నలభై దాటాయి. ఐదో తరగతి దాకా చదివాడు. మా అమ్మ పుట్టిల్లు వాళ్ల తాతగారి ఊరికి నాలుగు మైళ్లేనని తెలిసిన క్షణం నుంచి నన్ను "అప్పా" అనడం మొదలుపెట్టాడు. అటువైపు అక్కని అలాగే పిలుస్తారు. అతని భార్య నీలమ్మ నన్ను "వొదినా" అనేది. ఆ పిలుపులు నాకు నిజంగానే ఇష్టంగా ఉండేవి. అవి పనికొస్తాయని కూడా తెలుసు. రెండూ నిజమే.

అతను దరఖాస్తు రాయలేదు. వాళ్లింట్లో భోంచేసి చేతులు కడుక్కుంటుంటే నా పక్కన నిలబడి చెప్పాడు.

"అప్పా, మాకొక రాయుంది సముద్రంలో. ఏటా కొన్ని అమాసలకి గ్రూపర్లు అక్కడ కలుత్తాయి. ఎక్కడెక్కడియో వొత్తాయి. గుడ్లెట్టి ఎల్లిపోతాయి. మేం దాన్ని పెళ్లంటాం."

పగడపు దిబ్బని వాళ్లు రాయి అనే అంటారు. గ్రూపరంటే రాతి సందుల్లో ఉండే పెద్ద మూతి చేప. ఎగుమతికి పోతుంది కాబట్టి ఆ పేరు ఇక్కడ అందరికీ తెలుసు.

"ఆ దినాల్లో బాగా పడతాయేమో కదా?" అన్నాను.

"ఆ దినాల్లో గేలం ఎయ్యం. పెళ్లోరింట్లో దొంగతనం సేత్తారేటప్పా?" అన్నాడు. తర్వాత అసలు మాట చెప్పాడు. "మొన్న నీళ్లు కాగిపోయినప్పుడు రాయంతా తెల్లగయిపోనాది. సగం సచ్చిపోనాది. నాకు మాలూమ్ సెయ్యాలనుంది. రాయి సచ్చిపోతే పెళ్లికొత్తాయా, రావా?"

నా ఉద్యోగంలో విన్న ప్రశ్నల్లో అంత మంచి ప్రశ్న మరొకటి లేదు. పెద్ద పెద్ద యూనివర్సిటీల వాళ్లు పది పేజీల్లో అడగలేనిది చెంబు పట్టుకుని నిలబడి అడిగాడు. దరఖాస్తు నింపడానికి నేనే కూర్చున్నాను. అతను చెప్పింది చెప్పినట్టే రాశాను. అక్కడిదాకా నా తప్పు లేదు.

దరఖాస్తులో దిబ్బ ఎక్కడుందో రాయాలి. ఆ రాయి మూడు కుటుంబాలకే తెలుసు. ఒడ్డున ఏ కొండ కొస ఏ చెట్ల గుంపుతో కలిస్తే, ఇటువైపు ఏ గుట్ట ఏ సందులో కనిపిస్తే దాని మీద ఉన్నట్టో, ఆ గుర్తులు తండ్రి కొడుక్కి పడవలో నిలబడి చూపిస్తాడు. నేల మీద ఆ మాట ఎత్తరు. మనుషులు వింటారని కొంత, నోట నానితే విలువ పోతుందని కొంత. మధ్య అండమాన్ తూర్పు తీరం అని రాసినా మా వాళ్లు ఒప్పుకునేవాళ్లే. ఆ సంగతి నాకు తెలుసు. కానీ కచ్చితమైన చోటు ఉంటే దరఖాస్తు బలంగా ఉంటుంది.

"తమ్ముడూ, ఒక్కసారి నన్ను తీసుకెళ్లి చూపించు" అన్నాను.

రెండు రోజులు ఏదో పని చెప్పి దాటేశాడు. మూడో రోజు పొద్దున్నే తన డుంగీలో తీసుకెళ్లాడు. డుంగీ అంటే ఇక్కడి చిన్న మోటారు పడవ. ఒకచోట మోటారు ఆపి, లేచి నిలబడి, ఒడ్డు వైపు చెయ్యి చాపి ఒక్కొక్క గుర్తూ చూపించాడు. నా చేతిలో జీపీఎస్ ఉంది. బటన్ నొక్కాను.

"అది ఎవుళికి పోద్దప్పా?"

"ఎవరికీ పోదు. ఆఫీసు ఫైల్లో ఉంటుంది, అంతే."

"ఠీకే. నీ మీద భరోసాతో సూపించేను" అన్నాడు, మోటారు తాడు లాగుతూ.

అడిగాను అన్న మాట

దానయ్య రెండేళ్లు లెక్కపెట్టాడు. ముఖానికి మాస్కు పెట్టుకుని, చేతిలో ప్లాస్టిక్ పలక పట్టుకుని, అమావాస్యకు ముందు ఆరు రోజులూ నీళ్లలోనే ఉండేవాడు. ఒడ్డుకొచ్చాక పలక మీది గీతలు నోటుబుక్కులోకి ఎక్కించేవాడు. ఏ గీత బతికున్న రాయి దగ్గర చూసిన చేప, ఏది చచ్చిన రాయి దగ్గర చూసిందో తెలిసేలా పక్కన చిన్న బొమ్మ వేసేవాడు. రెండో ఏడు చివర్లో మా కమిటీ వీడియో కాల్‌లో ఏం కనిపెట్టారని అడిగితే, "రాయి సగం సచ్చిపోనాది గానీ సేపలకి అలవాటు సావనేదు" అన్నాడు. మిగిలిన బతికున్న భాగంలోనే ఇరుక్కుని కలుస్తున్నాయనీ, అదీ పోతే ఏమవుతుందో తను చెప్పలేననీ అన్నాడు. నేను తర్జుమా చేశాను. అవతల ఒకరు ఆ మాట మళ్లీ చెప్పించుకుని రాసుకున్నారు. ఆ రోజు నాకు గర్వంగా ఉంది. అది నా గర్వం కాకూడదు, అయినా నాదే అనుకున్నాను.

ఆ ఏడాది వార్షిక నివేదికలో దానయ్య పనే ముందు వేద్దామన్నారు. మా డైరెక్టర్ మెయిన్‌లాండ్‌లో ఉండేవారు. ఈ కథలో ఆయన్ని దుర్మార్గుణ్ణి చేస్తే నాకు సుఖంగా ఉండేది. కానీ ఆయన మంచి అధికారి. నివేదిక ప్రెస్సుకు వెళ్లే ముందు ఫోన్ చేశారు.

"మ్యాపులో చుక్క కచ్చితంగా ఆ దిబ్బ మీదే ఉంది. ఇది వేయడానికి ఆయన ఒప్పుకున్నారా? కాదంటే తీరమంతా కలిపి రంగు వేసేద్దాం. ఆయన్ని అడిగారా?"

లంబాలైన్‌లో విమానం దిగుతుంటే ఫోన్లో మాట వినపడదు. ఆ క్షణంలో ఒకటి దిగుతోంది. అది వెళ్లేదాకా ఆయన ఆగారు. ఆలోచించుకోవడానికి నాకు అర నిమిషం పైనే దొరికింది.

దానయ్యకి అంతకు ముందు రోజు రెండుసార్లు ఫోన్ చేశాను. కలవలేదు. బస్తీలో సిగ్నల్ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. మనిషిని కలవాలంటే తెల్లవారకముందే బస్సెక్కాలి, అడవి దారిలో బళ్లన్నీ పోలీసుల వెంట వరసగా కదిలే కాన్వాయ్‌లో వెళ్లాలి, రాత్రి అక్కడే ఉండాలి, మర్నాడు మళ్లీ కాన్వాయ్. ఆ వారం వానలు. నా నడుం నొప్పి. ప్రెస్సుకు ఇవ్వాల్సింది ఎల్లుండి. ఇవన్నీ కారణాలే. ఏ ఒక్కటీ అబద్ధం కాదు. రంగు వేయండి అంటే ఒక్క మాటలో అయిపోయేది. కానీ రంగు వేస్తే బొమ్మ బాగుండదు. చుక్క ఉంటే, ఒక జాలరి ఒక దిబ్బని కనిపెట్టుకుని ఉన్నాడన్న సంగతి చూడగానే తెలుస్తుంది.

"అడిగాను. ఒప్పుకున్నాడు" అన్నాను.

ఫోన్ పెట్టేశాక, వచ్చే పర్యటనలో చెప్పేద్దాం అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. తర్వాత పర్యటనలో అతను నవ్వుతూ ఎదురొస్తే ఆ మాట నోటికి రాలేదు. భోజనం చేసి వచ్చేశాను. గాలి నింపే కుర్రవాడి పేరు అతనికి తెలియకుండా వాడుకున్న ప్రొఫెసర్ గారికీ నాకూ ఉన్న తేడా ఏమిటని ఆ రోజు ఎవరైనా అడిగి ఉంటే నాకు చాలా కోపం వచ్చి ఉండేది.

ఫోన్

మరుసటి ఏడు గ్రూపర్ల పెళ్లి రోజుల్లో దానయ్య ఫోన్ చేశాడు. గొంతు మామూలుగానే ఉంది.

"అప్పా, బయటి బోట్లు ఒచ్చినాయి. ఎక్కడియో తెలీదు, ఎగుమతి ఏజెంట్ల బోట్లు. సీదా మా రాయి మీదికే ఒచ్చి లంగరేసేరు. అటూ ఇటూ ఎతుక్కోనేదు. మా గురుతులు నువ్వెవుళికైనా సెప్పేవా?"

మా నివేదిక ఇంటర్నెట్‌లో ఉంది. మ్యాపుని పెద్దది చేసి చూస్తే చుక్క ఎక్కడుందో జీపీఎస్ తెలిసిన ఎవరైనా చెప్పగలరు.

"ఆఫీసులో చూస్తాను తమ్ముడూ" అన్నాను.

అతను "ఠీకే అప్పా" అని పెట్టేశాడు.

ఆ మధ్యాహ్నమే మ్యాపు తీయించేశాను. దానికి ఒక్క ఫోన్ సరిపోయింది. ఎందుకని కూడా ఎవరూ అడగలేదు. అప్పటికే బోట్లు నాలుగు రోజులు గేలాలు వేశాయి. గుడ్ల మీదున్న చేపల్ని ఐసు పెట్టెల్లో నింపుకుని వెళ్లిపోయాయి. గ్రాంటు గడువు ఇంకా ఉంది కాబట్టి ఆ పై ఏడూ దానయ్య ఆరు రోజులు నీళ్లలో ఉండి, చేతివేళ్ల మీద చెప్పగలిగినన్ని చేపలే చూశాడు.

బస్తీలో ఏం జరిగిందో నీలమ్మ చెప్పింది. గుర్తులు తెలిసిన మూడిళ్లలో బయటివాళ్లతో తిరిగింది దానయ్య ఒక్కడే. గ్రాంటు తీసుకుందీ అతనే. కాబట్టి ఏజెంట్లకి చెప్పిందీ అతనేనని అతని అన్న కొర్లయ్య అనుకున్నాడు. మిగతావాళ్లూ అనుకున్నారు. ఎవరూ పోట్లాడలేదు. వేట నుంచి వచ్చాక డుంగీని ఇసుక మీదికి లాగడానికి నలుగురైదుగురు చేతులేయాలి. ఒకరి పడవకి ఒకరు వేస్తారు, పిలవనక్కర్లేదు. దానయ్య పడవకి రావడం మానేశారు.

"నానూ ఆయనా లాగుతన్నాం వొదినా. మా బావగారు సూసుకుంటా ఎల్లిపోతన్నారు" అంది. ఫిర్యాదులా కాదు, ఎండ ఎక్కువగా ఉందని చెప్పినట్టు చెప్పింది.

దానయ్య మాత్రం నాతో ఆ సంగతి ఎత్తలేదు. అన్నతో కూడా అవుననీ కాదనీ అనలేదట.

నేను రాసిన వాక్యం

ఈ వృత్తిలో మొదటి తప్పు కన్నా రెండోది సులువు. చేపలు ఎందుకు తగ్గాయో ముగింపు నివేదికలో రాయాలి. "సముద్రం వేడెక్కడం కారణం కావచ్చు" అని రాశాను. కావచ్చు అన్న మాట నన్ను కాపాడింది. వేడి మీద ఎవరికీ అనుమానం రాదు. ఆ నివేదిక మీద పరిశోధకుడిగా దానయ్య పేరుంది. అంటే నా అబద్ధం అతని పేరుతో వెళ్లింది. తన కళ్లతో బోట్లని చూసిన మనిషి చేత, నీళ్లు వేడెక్కాయని చెప్పించాను.

కొత్తవాళ్లకి ఒక మాట చెప్తాను. వాతావరణం, ప్రభుత్వం, ప్రజల్లో అవగాహన లేకపోవడం, ఈ మూడూ ఎప్పుడూ అందుబాటులో ఉంటాయి. మీ నివేదికలో ఈ మూడింటిలో ఏదైనా కారణంగా కనిపిస్తే, ఆ పేజీ రాసినవాళ్లు ఎక్కడ ఉన్నారో ఒకసారి చూడండి. నేనైతే ఆ వాక్యం రాసినప్పుడు ఫ్యాను కింద కూర్చుని ఉన్నాను.

తర్వాత ఐదేళ్లు ఉద్యోగం చేశాను. దానయ్య కథని శిక్షణ తరగతుల్లో చెప్పేదాన్ని. పెళ్లోరింట్లో దొంగతనం చేస్తారేటి అన్న చోట పిల్లలు నవ్వేవాళ్లు. బోట్ల దగ్గరికి రాకముందే కథ ఆపేసేదాన్ని. రిటైరైన రోజున ఆఫీసువాళ్లు ఒక ఫొటో ఫ్రేము కట్టించి ఇచ్చారు. డుంగీలో దానయ్య, నుదుటి మీదికి ఎత్తుకున్న మాస్కు, నవ్వు. ఆ నివేదిక అట్ట మీది బొమ్మే. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంటికి తెచ్చి బీరువా వెనక, గోడ వైపు తిప్పి పెట్టాను. నెల రోజులు దాన్ని దాటి తిరిగాను. ఇక ఉండబట్టలేక రంగత్ బస్సెక్కాను.

వద్దన్నాడు

దానయ్య ఇంటి ముందు వల బాగుచేసుకుంటున్నాడు. నన్ను చూసి లేచాడు. నీలమ్మ అన్నం పెట్టింది. ఆ రోజు మాత్రం తినక ముందే చెప్పేశాను. చుక్క వేసింది నేనేననీ, అడిగానని అబద్ధమాడిందీ నేనేననీ, వేడి అని రాసిందీ నేనేననీ.

"నాకు మాలూమప్పా" అన్నాడు.

"ఎప్పటినుంచి?"

"ఆఫీసులో సూత్తానన్నావు గందా. ఆ దినం నించీ."

"మరి మీ అన్నయ్యకి ఎందుకు చెప్పలేదు?"

"ఏటని సెప్పమంటావు? నువ్వు మాపులో ఎట్టేవు. నీకెవుడు సూపించేడు?"

రేపు పొద్దున్న పడవల దగ్గర కొర్లయ్యకి నేనే స్వయంగా చెప్తానన్నాను. దానయ్య వల పక్కన పెట్టాడు.

"ఒద్దప్పా. ఇప్పుడు సబ్ ఠీకయిపోనాది. మిషనెట్టి ఆ బోట్లోల్లే ఎతుక్కున్నారని అనుకుంటన్నారు. ఏడాది నించీ అన్న మా డుంగీకి సెయ్యేత్తన్నాడు. ఆ మాట మల్లా ఎత్తకు."

నేను వినలేదు. మొహమాటానికి అంటున్నాడనుకున్నాను. నిజం తెలిస్తే అతని మీద మచ్చ పూర్తిగా పోతుందనుకున్నాను. రంగత్‌లో లాడ్జి గదికి వెళ్లి, ఎలా చెప్పాలో మాటలు కూర్చుకున్నాను. అవి చాలా బాగా కుదిరాయి కూడా. దిబ్బ గురించి ప్రశ్న వేసేది దిబ్బ పక్కనుండేవాడే అని ముప్పై ఏళ్లు చెప్పిన మనిషిని, దానయ్య తన బతుకు గురించి చెప్పిన ఒక్క మాట వినలేకపోయాను.

పొద్దున్న పడవలొచ్చాయి. దానయ్య డుంగీకి ఆరుగురు చేతులేశారు, అందులో కొర్లయ్య ఉన్నాడు. పడవ సగం పైకొచ్చి వాళ్లు ఊపిరి పీల్చుకోవడానికి ఆగినప్పుడు, కొర్లయ్య దగ్గరికెళ్లి మాట్లాడాలన్నాను. దానయ్య నా వైపు చూశాడు, తల అడ్డంగా ఊపాడు. కొర్లయ్య ఒక ఐసు పెట్టె బోర్లించి "కూకోండి మేడమ్" అన్నాడు. నేను నిలబడే అంతా చెప్పాను. అందరూ విన్నారు.

కొర్లయ్య చేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

"మా తమ్ముడు మీకు సెప్పేడా?"

"తప్పంతా నాది. నేనే అడిగాను. సొంత అక్కలా నమ్మి..."

"అది కాదు మేడమ్. సెప్పేడా, నేదా?"

"చెప్పాడు."

"పడవలో నిలబడి సూపించేడా?"

"చూపించాడు."

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టు పడతానని సిద్ధపడి వచ్చాను. తిట్టడానికి కూడా నేను వాళ్ల మనిషిని కాను. తమ్ముడి వైపు తిరిగి, "నాన్న బతికి నేడు గాబట్టి సరిపోనాది" అన్నాడు. "మేడమ్‌కి టీ ఇప్పించు" అని కూడా చెప్పి వెళ్లిపోయాడు. మిగతావాళ్లు ఆయన వెనకే వెళ్లారు. అప్పటిదాకా వాళ్లకున్నది అనుమానం. నేను దానికి సాక్ష్యం ఇచ్చాను. డుంగీ ఇంకా పూర్తిగా గట్టెక్కలేదు. వెనక కొస అలల్లోనే ఉంది. నీలమ్మా దానయ్యా పట్టుకున్నారు, నేనూ పట్టుకున్నాను. నా బలం దేనికీ సరిపోలేదు.

అడగడం అంటే ఏమిటో నాకు అక్కడ తెలిసింది. అవతలి మనిషి వద్దంటే మానుకోవడానికి సిద్ధపడి అడిగితేనే అది అడగడం. మ్యాపు కోసం నేను అసలు అడగలేదు. మనసు భారం దించుకోవడానికి వెళ్లినప్పుడు, అతను వద్దని చెప్పినా చేశాను. రెండుసార్లూ మంచిపని చేస్తున్నాననే అనుకున్నాను. పిల్లలూ, మీకు నేను ఇవ్వగలిగింది ఇంతే.

రంగత్ బస్సు

దానయ్య తన స్కూటరు మీద నన్ను బస్టాండుకు తీసుకొచ్చాడు. టికెట్టు తనే తెచ్చిచ్చాడు. కిటికీ పక్క సీటు చూసి కూర్చోబెట్టి, కిందికి దిగి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"మనసు తేలికపడ్డాదా అప్పా?" అన్నాడు.

ఎత్తిపొడుపు కాదు. అతను తెలుసుకోవాలనే అడిగాడు.

"కొంచెం" అన్నాను. అది నిజం. ఈ మొత్తంలో నాకు అన్నిటికన్నా సిగ్గుగా ఉన్నది ఆ మాట నిజం కావడమే.

డ్రైవరు వచ్చి కూర్చున్నాడు. దానయ్య కిటికీ ఊచ పట్టుకుని, అటూ ఇటూ చూసి, నాకు మాత్రం వినపడేలా చెప్పాడు.

"ఈ ఏడు ఒచ్చినాయప్పా."

ఎన్ని వచ్చాయి? ఆ రాయి మీదికేనా, వేరే రాయా? బతికున్న వైపా? నోటుబుక్కులో రాస్తున్నావా? ఇన్నేళ్ల అలవాటు, ప్రశ్నలన్నీ ఒక్కసారే నాలుక చివరికొచ్చాయి. అతను ఊచ పట్టుకుని నా మొహంలోకే చూస్తున్నాడు.

"మంచిది తమ్ముడూ" అన్నాను.

ఇంకేమైనా అంటానేమోనని కాసేపు చూశాడు. నేను అనలేదు. బస్సు కదిలింది. అప్పుడు ఊచ వదిలాడు.